మొరాయించు పడవ మోటారు: దోషపట్టికలపై ఒక విమర్శ

రెండు స్ట్రోకుల ఇంజనును గురించి చదువరికి సాధారణముగా రెండు విధములైన వ్రాతలు దొరకును. ఒకటి శాస్త్రపుస్తకములోని పటము, దాని క్రింది వివరణ. రెండవది మోటారుతోపాటు వచ్చు చేతిపుస్తకమందలి దోషపట్టిక. ఇంజను ఎట్లు నడచునో పటము చెప్పును. నడవనప్పుడు ఏమి చేయవలెనో పట్టిక చెప్పును. పటము నెరిగిన విద్యార్థి పట్టికను తానే వ్రాయగలిగి యుండవలెను. పట్టికను చదివిన పడవవాడు ఇంజను లోపల జరుగుచున్న దానిని ఊహింపగలిగి యుండవలెను. ఆచరణలో ఈ రెండును అరుదు. దీనికి కారణమేమో పరిశీలించుటకు పడవ వెనుక తగిలించు ఔట్‌బోర్డు మోటారు మంచి ఉదాహరణము.

స్కాట్లండు దేశీయుడైన డ్యుగాల్డ్ క్లర్కు 1881లో రెండు స్ట్రోకుల ఇంజనుకు పేటెంటు పొందెను. అందు మిశ్రమమును లోనికి పంపుటకు వేరొక పంపు సిలిండరు ఉండెడిది. ఇంగ్లండులోని బాత్ నగరమున జోసెఫ్ డే 1890 ప్రాంతమున ఆ పంపును తొలగించి, పిస్టను క్రిందనున్న క్రాంకు పెట్టెనే పంపుగా వాడుకొనెను. భాగములు తగ్గుటచే ఇంజను తేలికయయ్యెను. అమెరికాలోని మిల్వాకీ నగరమున ఓలె ఎవిన్‌రూడ్ 1909లో ఇట్టి ఇంజనును పడవ వెనుక తగిలించు మోటారుగా అమ్మకమునకు తెచ్చెను. 1996లో చేసిన కాలుష్య నిబంధనల తరువాత కార్బ్యురేటరు గల రెండు స్ట్రోకుల మోటార్లు అమెరికాలో కొత్త అమ్మకములనుండి క్రమముగా తొలగినవి. అయినను ఆసియా, ఆఫ్రికా తీరములందు చేపల వేటకు ఇవి నేటికిని పనిచేయుచున్నవి. ఆంధ్ర తీరమున కూడ ఫైబరు పడవలకు ఔట్‌బోర్డు మోటార్లు బిగించుట వాడుకలో నున్నది.

రోడ్డుమీద బండి ఆగినచో ప్రక్కకు త్రోసి నిలుపవచ్చును. ఒడ్డునకు దూరముగా నున్న పడవకు ఆ వీలు లేదు. గాలియు, ప్రవాహమును ఎటు లాగిన నటు పోవలసినదే. కావున దోషపట్టిక మంచిదా, కాదా అను విచారణ కేవలము పుస్తకమునకు సంబంధించినది కాదు.

పట్టిక గుణములను ముందుగా ఒప్పుకొనవలెను. అది క్లుప్తమైనది. తడిచేతులతో, ఊగుచున్న పడవలో నున్న మనిషికి పెద్ద వ్యాసము పనికిరాదు. ఎడమ ప్రక్క “మోటారు ఒడిదుడుకుగా నడచుట” అని యుండును. కుడి ప్రక్క ప్లగ్గు మసిపట్టుట, పెట్రోలులో నీరు చేరుట, కార్బ్యురేటరు రంధ్రము మూసికొనుట, నూనె పాలు తప్పుట, గాలి చొరబడుట మున్నగునవి వరుసగా నుండును. ఇందు అసత్యమేమియు లేదు. ప్రతి కారణమును సంభవమే. అయినను ఇది రోగములన్నిటిని “జ్వరము” అను ఒక్క మాట క్రింద చేర్చిన వైద్యగ్రంథము వంటిది.

పట్టికలోని మొదటి లోపము వేగమును విస్మరించుట. మోటారు నిమిషమునకు 750 చుట్లు తిరుగునప్పుడు ఒక చుట్టుకు 0.08 సెకను పట్టును. 5000 చుట్లు తిరుగునప్పుడు 0.012 సెకను మాత్రమే. అందులో సుమారు మూడవ వంతు కాలమున, అనగా 0.004 సెకనులో, పాత పొగ వెడలి కొత్త మిశ్రమము సిలిండరులో చేరవలెను. ఈ రెండు స్థితులలోను కార్బ్యురేటరులో పనిచేయు రంధ్రములు కూడ వేరు. మెల్లగా నడచునప్పుడు సన్నని రంధ్రములు, వేగముగా నడచునప్పుడు ప్రధాన రంధ్రము పెట్రోలును అందించును. నిలువయున్న పెట్రోలు జిగురుగా మారినచో సన్నని రంధ్రములే ముందుగా మూసికొనును. మెల్లని నడకలో మాత్రమే తడబడు మోటారును, పూర్తి వేగమున మాత్రమే తడబడు మోటారును ఒకే గడిలో వ్రాయుట తగదు.

అంతేకాదు, మెల్లని నడకలోని కొంత తడబాటు దోషమే కాదు. గాలితలుపు కొద్దిగా తెరచియున్నప్పుడు సిలిండరులోనికి వచ్చు కొత్త మిశ్రమము స్వల్పము. పాత పొగ అందు చాలవరకు మిగిలియుండి దానిని పలుచబరచును. అట్టి మిశ్రమము రవ్వకు అంటుకొనక పోవచ్చును. మరుసటి చుట్టులో ఇంకొంత కొత్త మిశ్రమము చేరును, అప్పుడు మండును. ఇట్లు రెండు చుట్లకొకసారి, ఒక్కొక్కప్పుడు ఇంకను అరుదుగా మండుట ఈ ఇంజను నిర్మాణములోనే యున్న స్వభావము. ఈ సంగతి తెలియనివాడు స్వభావమును రోగమనుకొని మరలు త్రిప్పుటకు మొదలిడును. పుస్తకములోని పటము ప్రతి చుట్టునకు ఒక విస్ఫోటనము తప్పక జరుగునని చెప్పుటచే ఈ భ్రమ బలపడుచున్నది.

రెండవ లోపము కార్యమును కారణముగా చూపుట. “ప్లగ్గు మసిపట్టినది, మార్చుము” అని పట్టిక చెప్పును. ప్లగ్గు తనంతట తాను మసిపట్టదు. మిశ్రమము మిక్కిలి చిక్కనైనను, నూనె పాలు హెచ్చినను, రవ్వ బలహీనమైనను, చాలసేపు మెల్లగా నడపినను మసి చేరును. కొత్త ప్లగ్గు వేసినంతనే మోటారు చక్కగా నడచును. కొంతసేపటికి కొత్త ప్లగ్గును అట్లే యగును. పట్టిక ఇచ్చిన చికిత్స ఫలించినట్లే కనబడుటచే అసలు కారణమును వెదకుట మానివేయుదురు. ప్లగ్గును పారవేయుటకు ముందు చదువవలెను. తడిసి నల్లగా నున్నదా, తెల్లగా పొడిగా నున్నదా, నీటి బిందువులున్నవా అనునవి దాని సాక్ష్యము.

మూడవ లోపము పరీక్షల భౌతికశాస్త్రమును విడిచిపెట్టుట. పెట్రోలు గొట్టమునకు చిల్లి పడినచో పెట్రోలు కారవలెనని అందరును తలతురు. కాని ఇంజనుమీది పంపు ట్యాంకునుండి పెట్రోలును పీల్చుచున్నప్పుడు గొట్టములోని పీడనము బయటి గాలి పీడనముకంటె తక్కువ. అందుచే చిల్లినుండి పెట్రోలు బయటికి రాదు, గాలియే లోనికి పోవును. మోటారు తడబడును, గొట్టము మాత్రము పొడిగా నుండును. గొట్టము నడుమనున్న రబ్బరు బుడ్డిని చేతితో గట్టిగా నొక్కినచో, బుడ్డికిని ఇంజనుకును నడుమ పీడనము హెచ్చి, చిల్లి ఆ భాగమున నున్నచో అచట పెట్రోలు తడి కనబడును. “గొట్టములను చూడుము” అని వ్రాసిన పట్టిక ఈ ఒక్క వాక్యమును చేర్చియున్న ఎంతో మేలగును.

రవ్వ పరీక్షయు ఇట్టిదే. ప్లగ్గును బయటికి తీసి, లోహమునకు తాకించి, రవ్వ వచ్చుచున్నది కాబట్టి విద్యుద్భాగము మంచిదేనని తేల్చుట వాడుక. వాయువు సాంద్రత హెచ్చినకొలది అదే సందును దాటుటకు రవ్వకు ఎక్కువ వోల్టేజి కావలెను. బయటి గాలిలో దుమికిన రవ్వ సిలిండరులోని ఒత్తిడియందును దుముకునని నిశ్చయము లేదు. కావున రవ్వ రాకున్న దోషము రుజువగును గాని, వచ్చినంతమాత్రమున నిర్దోషత్వము రుజువు కాదు. పెట్రోలు ఆవిరి వ్యాపించిన చోట ఇట్టి పరీక్ష ప్రమాదకరమని కూడ పట్టికలో హెచ్చరిక ఉండవలెను.

నాలుగవది అన్నిటికంటె పెద్దది. రెండు స్ట్రోకుల ఇంజనులో అడుగున ప్రత్యేకమైన నూనె తొట్టి లేదు. కందెన నూనె పెట్రోలుతోనే లోనికి వచ్చును. 50కి 1 పాలున కలిపినచో లీటరుకు 20 మిల్లీలీటర్లు, 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. అందుచే పెట్రోలు సరఫరా తగ్గినప్పుడు మంటతోపాటు కందెనయు తగ్గును. పైగా మిశ్రమము పలుచనైనప్పుడు లోపలి వేడి హెచ్చును. పూర్తి వేగమున, పూర్తి బరువుతో ఇట్లు నడచినచో పిస్టను సిలిండరును పట్టివేయవచ్చును, పిస్టను నెత్తి కరుగవచ్చును. పట్టికలో “పొగ ఎక్కువ” అనునదియు, “వేగమున శక్తి తగ్గుట” అనునదియు పక్కపక్క గడులలో సమానమైన దోషములుగా కనబడును. మొదటిది చాలవరకు మసికిని, ఖర్చుకును దారితీయును. రెండవది నడిసముద్రమున ఇంజనునే పోగొట్టవచ్చును. ఏది ఓర్వదగినది, ఏది వెంటనే వేగము తగ్గింపవలసినది అని చెప్పని పట్టిక ముఖ్యమైన మాటను దాచినట్లే.

పుస్తకములోని పటమును ఇచటనే విమర్శింపవలెను. దానిలో పిస్టను, సిలిండరు, ద్వారములు చక్కగా గీయబడియుండును. నూనె ఎటు వచ్చునో కనబడదు. క్రాంకు పెట్టె గాలి చొరకుండ మూయబడి యుండవలెనన్న నియమము కనబడదు. అనేక ఔట్‌బోర్డు మోటార్లలో ఆ పెట్టెలోని పీడనపు హెచ్చుతగ్గులే పెట్రోలు పంపులోని పొరను ఆడించును. ఇరుసు దగ్గరి రబ్బరు ముద్ర అరిగినచో, మిశ్రమము పలుచనగుటయే కాక పంపునకు బలమును తగ్గును. ఒక చిన్న ముద్ర రెండు దోషములను పుట్టించిన దన్న మాట. భాగములను విడివిడిగా బోధించిన విద్యార్థికి ఈ సంబంధము తోచుట కష్టము.

మేలైన పట్టిక కారణములను కాక ప్రశ్నలను వరుసపెట్టవలెను. తడబాటు ఏ వేగమున వచ్చుచున్నది? బయలుదేరిన ఎంతసేపటికి వచ్చుచున్నది? కొన్ని నిమిషములు చక్కగా నడచి పిదప క్షీణించినచో ట్యాంకు మూతలోని గాలిమర మూసియున్నదేమో చూడవలెను. గాలి లోనికి పోనిదే పెట్రోలు బయటికి రాదు. రబ్బరు బుడ్డిని నొక్కుచుండగా మోటారు తేరుకొనుచున్నదా? తేరుకొన్నచో అనుమానము పంపుమీదను, గొట్టములమీదను నిలుచును. తడబాటు అన్ని సిలిండర్లలోనా, ఒక్కదానిలోనా? ఒక్కొక్క ప్లగ్గు తీగను తొలగించి చూడగా, దేనిని తొలగించినను నడకలో మార్పు లేకున్న ఆ సిలిండరే పనిచేయుట లేదు. తొలగించిన తీగను లోహమునకు కలిపి యుంచవలెను. లేనిచో రవ్వ పరికరము చెడుటయు, మనిషికి విద్యుద్ఘాతము తగులుటయు సంభవించును. తరువాత ఒత్తిడిని కొలిచి, సిలిండర్ల నడుమ తేడా సుమారు నూటికి 10కి మించినదేమో చూడవలెను. మించినచో దోషము రింగులలోనో, సిలిండరులోనో యుండును. అప్పుడు ఎన్ని మరలు త్రిప్పినను ప్రయోజనము లేదు.

ఈ నాలుగైదు ప్రశ్నలు పట్టికలోని కారణములలో సగమునకు పైగా తొలగింపగలవు. వీటికి పెద్ద పరికరములును అక్కరలేదు. ఒక్క ఒత్తిడి కొలతకు తప్ప కన్ను, చెవి, చేయి చాలును. ఒక్క పరీక్షకు ఒక్క మార్పే చేయవలెనను నియమము మాత్రము పాటింపవలెను. ప్లగ్గు, పెట్రోలు, కార్బ్యురేటరు మూడింటిని ఒకేసారి మార్చి మోటారును బాగుచేసినవాడు మోటారును బాగుచేసినాడు గాని, ఏది చెడినదో తెలిసికొనలేదు.

ఉపాధ్యాయులకు ఇందొక మంచి అవకాశమున్నది. పీడనము, సాంద్రత, విద్యుద్విసర్జనము, ద్రవముల ప్రవాహము వేరువేరు పాఠములుగా తరగతిలో నడచుచున్నవి. ఒక తడబడు మోటారు వాటినన్నిటిని ఒకచోట చేర్చును. పెట్రోలు సాంద్రత సుమారు 0.74, నీటి సాంద్రత 1. అందుచే ట్యాంకులో చేరిన నీరు అడుగున నిలుచును, పీల్చు గొట్టము చివరయు అచటనే యుండును. ఈ ఒక్క విషయమును గాజు సీసాలో నీరు, కొబ్బరినూనె పోసి క్షణములో చూపవచ్చును. తరువాత “ఇట్టి పడవ ఏ క్షణమున తడబడును, అల ఊపినప్పుడా, నిలుకడగా నున్నప్పుడా?” అని అడిగినచో పిల్లలు తామే ఆలోచింతురు.

పటము గీయుటకు మార్కులు వచ్చుచున్నంతవరకు పటమే గీయుదురు. పటములోని ఒక భాగమును చెరిపి, ఇంజను ఎట్లు తడబడునో వ్రాయుమన్న ప్రశ్న పరీక్షలో ఒకటైన నుండవలెను. దానికి జవాబు వ్రాయగల బాలుడు రేపు పడవలో నున్నను, కర్మాగారములో నున్నను, పట్టిక చేతిలో లేకున్నను, ఏమి చేయవలెనో ఎరుగును.