'ఏదో' సైగ చేసింది: మన కథల్లో బధిరుల భాష

అభ్యుదయ సాహిత్యం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం గర్వంగా చెప్పుకునే మాట ఒకటుంది: నోరులేని జనానికి మనం నోరయ్యాం అని. సభల్లో ఈ మాట అనని వక్త లేడు, సంకలనాల ముందుమాటల్లో రాయని సంపాదకుడు లేడు. ఆ మాట వెనక ఉన్న చారిత్రక పాత్రను నేను కాదనను. కౌలురైతు, పాలేరు, చేనేత కార్మికుడు కథల్లోకి వచ్చింది ఆ సంకల్పంతోనే. కాని నోరు లేకపోవడం మనకు ఉపమానం మాత్రమే. నిజంగానే చెవితో విననివాడు, నోటితో మాట్లాడనివాడు మన ఎదుట నిలబడితే ఆ ఉపమానం గతి ఏమిటి? అతనికి భాష లేదని మనం ముందే తీర్పు చెప్పేసి ఉన్నాం. ఉంది. అది చేతుల్లో ఉంది. తెలుగు కథకుడు బధిరుణ్ణి పాత్రగా తీసుకున్నాడు గాని అతని భాషను భాషగా ఒప్పుకోలేదన్నదే ఈ వ్యాసంలో నా అభియోగం.

కొన్నేళ్ళుగా కొత్త రచయితల రాతప్రతులు చదివే పని నా మీద పడింది. మూగ పాత్ర వచ్చిన ప్రతి కథలోనూ ఒక వాక్యం తప్పకుండా తగులుతుంది: 'ఆమె ఏదో సైగ చేసింది.' ఈ 'ఏదో' అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. కథలో కలెక్టరు ఇంగ్లీషులో మాట్లాడితే రచయిత దాన్ని తెలుగు చేస్తాడు. సుగాలి తండాకు వెళితే నాలుగు మాటలు అడిగి తెలుసుకుని రాస్తాడు. సైగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడగాలన్న ఆలోచనే పుట్టదు. పాత్ర చెప్పింది రచయితకే తెలియకపోతే ఆ పాత్రను సృష్టించిన దెవరు?

ఈ నిర్లక్ష్యానికి మూలాలు వాక్యంలో లేవు, ఆస్తిలో ఉన్నాయి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం పుట్టుచెవిటివాణ్ణి, మూగవాణ్ణి పిత్రార్జితంలో వాటా లేనివాళ్ళ జాబితాలో చేర్చింది. పోషణ మాత్రం ఇవ్వాలట. ఆ అనర్హతను చాలావరకు తొలగించడానికి 1928లో ఒక ప్రత్యేక చట్టం కావలసివచ్చింది. వాటాలేని మనిషి మాటకు విలువ ఉండదు, అతని సైగకు అసలే ఉండదు. మన పాండిత్యపు పదజాలం కూడా చెవినే ఆశ్రయించుకుని బతికింది. వేదం శ్రుతి, పండితుడు బహుశ్రుతుడు. ఇక సామెతల సంగతి చెప్పనక్కరలేదు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అన్నప్పుడు నష్టం ఎవరి ఖాతాలో రాశారో గమనించండి. ఊదినవాడి ఊపిరి వృథా అయిందని తప్ప, ఎదుటివాడి గురించి ఆ సామెతకు చింత లేదు.

నేను ఈ సంగతులు ఆలోచించింది ధర్మవరంలో. ఆంధ్ర నాటక పితామహుడని మనం పిలుచుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) ఈ ఊరివాడు. బళ్ళారిలో న్యాయవాదిగా ఉంటూ సరసవినోదిని సభ పెట్టి తెలుగు నాటకానికి ఒక బాట వేశాడు. ఆ బాటలో పెరిగిన పద్యనాటకం క్రమంగా చెవి నాటకమైపోయింది. రాగం తీసినవాడే నటుడు, వన్స్‌మోర్ కొట్టిన చోటే నాటకం. రంగస్థలం మీద చేతులు, ముఖం చేయవలసిన పని అంతా హార్మోనియం పెట్టె చేసింది. అదే ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట వాళ్ళున్నారు. కీళ్ళు కట్టిన చెయ్యి కదలికను బట్టి ఏ బొమ్మ మాట్లాడుతున్నదో ప్రేక్షకుడు పోల్చుకునే కళ అది. పద్యం అక్కడా ఉంది గాని, తెర మీద చెయ్యి కదలకపోతే పద్యం ఎవరిదో తెలియదు. చూపుకు అంత పని చెప్పిన కళ పక్క ఊళ్ళోనే ఉన్నా మన విమర్శ దాన్ని జానపదం అన్న గదిలో పెట్టి తాళం వేసింది.

సినిమా ఇంకో దారి తొక్కింది. విశ్వనాథ్ గారి 'సిరిసిరిమువ్వ' (1976), 'సిరివెన్నెల' (1986) రెంటిలోనూ నాయిక మూగది, కాని వినగలదు. ఈ ఏర్పాటులోని సౌకర్యం చూడండి. పురుషుడి సంగీతం ఆమెకు చేరుతుంది, ఆమె జవాబు మాత్రం నోటివెంట రాదు. ఆ చిత్రాల కళావిలువను నేను తక్కువ చేయడం లేదు. మూగతనం వాటిలో స్త్రీ సహనానికి అలంకారమైందంటున్నాను. 'రంగస్థలం' (2018) నాయకుడు వినికిడి తక్కువ ఉన్న కూలి మనిషి. ఊరు అతన్ని సౌండ్ ఇంజినీరని వెక్కిరిస్తుంది. ఇది ఒక అడుగు ముందుకే. అయినా అతను ఒంటరి చెవిటివాడు, తనలాంటి వాళ్ళతో మాట్లాడే భాష అతనికి లేదు. చేతులతో సంసారం చేసుకునే బధిర దంపతులను చూడాలంటే గుల్జార్ హిందీలో 1972లో తీసిన 'కోషిష్' దాకా వెళ్ళాలి.

భాషేనా అది, అని అడిగే మిత్రులున్నారు. 1880లో మిలాన్ నగరంలో చేరిన బధిర విద్యా మహాసభ కూడా అలాగే అనుకుంది. సైగలు మాని నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. తీర్మానించినవాళ్ళు దాదాపు అందరూ వినగలిగిన పంతుళ్ళే. ఆ తప్పుకు అదే వరుస మహాసభ 2010లో వాంకూవర్‌లో విచారం ప్రకటించేలోగా నూట ముప్ఫై ఏళ్ళు గడిచాయి, ఎన్నో తరాల పిల్లల చేతులు కట్టుబడ్డాయి. 1960లో విలియం స్టోకీ అమెరికన్ సైగల భాషను విశ్లేషించి, చేతి ఆకారం, చోటు, కదలిక అన్న మూడు అంశాల కలయికతో సైగలు ఏర్పడతాయని, అవి మన వర్ణాల్లాగే పనిచేస్తాయని చూపించాడు. నికరాగువాలో 1970ల చివర బడి పెట్టి బధిర బాలలను ఒకచోట చేర్చితే, ఎవరూ నేర్పకుండానే ఒక కొత్త భాష పుట్టుకొచ్చింది. ఈ చివరి ఉదాహరణ మనకు ముఖ్యం. ఇంట్లో ఒంటరిగా ఉన్న బిడ్డ దగ్గర కొన్ని ఇంటి సైగలే ఉంటాయి. పదిమంది కలిసినప్పుడు అవి భాష అవుతాయి. భాష సామాజికమని మనం పాఠం చెప్పే మాటకు ఇంతకంటె రుజువేం కావాలి?

మరికొందరు హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షిని చూపించి, ఆ నాట్యమండపం స్తంభాల మీద ఉన్నదంతా సైగల భాషే గదా అంటారు. ఇది మెచ్చుకోలు రూపంలో ఉన్న పొరపాటు. నాట్య హస్తాలకు అర్థం పాటలోని సాహిత్యం నుంచి వస్తుంది. పతాక హస్తం పట్టి ఉప్పు అప్పడిగినవాడు ఎక్కడా లేడు. సైగల భాషలో అప్పు అడగవచ్చు, తగువు పడవచ్చు, అబద్ధం చెప్పవచ్చు. మన భాషలో 'సన్న' అన్న మాట సంజ్ఞకు వికృతే. కనుసన్న, చేసన్న అని పూర్వులు వాడారు. అది ఎక్కువగా ప్రభువు కనుసన్న, ప్రేయసి చేసన్న. బజారులో బతికే మనిషి సన్న కాదు.

ఇక్కడ గిడుగు రామమూర్తిగారిని తలుచుకోకుండా ఉండలేను. సవర భాష కోసం కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి పోగొట్టుకున్నారు. ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినం జరుపుకునేది చెవుడు వచ్చిన ఒక మనిషి పేరిట. ఆయన పుట్టు బధిరులు కారు, సైగల భాషకు ఆయనకు సంబంధం లేదు. కాని పండితులు అనాగరికమన్న భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిన పట్టుదల ఆయనది. ఆ వారసత్వం చెప్పుకునే మనం మన ఊళ్ళలోని ఈ భాష వంక చూడకపోవడం ఏమిటి? 2011 జనగణన ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షలకు పైమాటే. ఎనిమిదో షెడ్యూలులోని ఇరవై రెండు భాషల్లో భారతీయ సైగల భాష లేదు. 2015లో ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రం పెట్టారు. 2018లో మూడు వేల మాటలతో నిఘంటువు వచ్చి, 2021 నాటికి పదివేలైంది. ఈ లోగా ప్రభుత్వం 'దివ్యాంగులు' అన్న బిరుదు కూడా ఇచ్చింది. దివ్యత్వం ఇవ్వడం తేలిక, బడిలో సైగ తెలిసిన పంతులును ఇవ్వడం కష్టం.

ధర్మవరానికి తిరిగి వస్తాను. మరమగ్గాల షెడ్డులో నిలబడితే పక్కమనిషి మాట వినపడదు. ఏళ్ళ తరబడి ఆ రొదలో పనిచేసేవాళ్ళకు చెవులు పోతాయి. రొద వల్ల వచ్చే చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తన వ్యాధుల పట్టికలో చేర్చుకుంది గాని, చిన్న షెడ్డు ఫ్యాక్టరీ లెక్కలోకే రాలేదు. ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల స్త్రీలు ఈ రొదలోనే పెదవులు సాగదీసి, చేతులు కలిపి మాట్లాడుకునే ఒక పద్ధతి తయారుచేసుకున్నారు. దాన్ని మీమాయింగ్ అన్నారు. తర్వాత అది హాస్యనటుల ద్వారా రంగస్థలానికీ టెలివిజనుకూ ఎక్కింది. శ్రమలో పుట్టిన సైగ సంస్కృతిలో భాగమైన సందర్భం అది. మన షెడ్డుల్లోనూ అలాంటివి లేకపోలేదు. నేను చూసిన చోట పోగు తెగిందనడానికి రెండు చూపుడు వేళ్ళు కొక్కెంలా తగిలించి విడదీస్తారు. షావుకారుకు పెట్టిన పేరు బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిటికెడు కొలవడం, ఎందుకంటే కూలిలో ఆయన కోత అలా ఉంటుంది. ఏ నాలుక మీదా ఇంత పదునైన మారుపేరు నేను వినలేదు.

ఇక రాసే విధానం. సైగల సంభాషణను విరిగిన తెలుగులో రాసేవాళ్ళున్నారు: 'నేను రేపు పని లేదు' అన్నట్టు. అది అపచారం. భారతీయ సైగల భాషకు తన వ్యాకరణం తనకుంది. మన భాషలోలాగే క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ప్రశ్నపదం, నిషేధం కూడా చివరికే వెళతాయి. అవును-కాదు ప్రశ్నను కనుబొమలు అడుగుతాయి. అనువాదం చేసేటప్పుడు ఏ భాషకైనా ఇచ్చే మర్యాద దీనికీ ఇచ్చి, నిండు తెలుగు వాక్యం కొటేషను గుర్తుల్లో పెట్టాలని నా అభిప్రాయం. పక్కన 'సైగ చేసింది' అని ప్రతిసారీ రాయనక్కరలేదు. 'అంది' చాలు.

అయితే వాస్తవికత కోరే కథకుడు గమనించవలసిన సంగతి ఒకటుంది. చెయ్యి శ్రమకు సాధనమే గాక శ్రమ ఫలితం కూడా అని ఎంగెల్స్ వివరించాడు. బధిర నేతకాడి విషయంలో అదే చెయ్యి నాలుక కూడా. నోటితో మాట్లాడేవాడు నాడె విసురుతూనే పక్కమగ్గం వాడితో లోకాభిరామాయణం సాగిస్తాడు. సైగతో మాట్లాడేవాడు మాట్లాడాలంటే మగ్గం ఆపాలి. అతనికిచ్చేది చీర లెక్కన కూలి. చెల్లెలి పెళ్ళి కబురు పక్కవాడికి చెప్పిన ఆ కొద్దిసేపూ పేక ముందుకు సాగదు.