టోనీల్లో ముందే ముగిసిపోయిన అవార్డులు

జూన్‌లో ఒక ఆదివారం రాత్రి మా ఇంట్లో రిమోట్ నా చేతికి వస్తుంది. న్యూజెర్సీలో ఉంటున్నాం కాబట్టి న్యూయార్క్ నాటకశాలల బ్రాడ్‌వే కూతవేటు దూరమే. టికెట్ ధర చూస్తే మాత్రం గుండె ఆగుతుంది. అందుకని చూడలేకపోయిన నాటకాలకు, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డుల ప్రసారమే గతి. 1947లో మొదలైన ఈ అవార్డులు 1967 నుంచి అమెరికా అంతటా టీవీలో వస్తున్నాయి.

2025 జూన్ 8న రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో జరిగిన వేడుక నాకు చాలావరకు నచ్చింది. సింథియా ఎరీవో వ్యాఖ్యానం హాయిగా సాగింది. ‘హామిల్టన్’ మ్యూజికల్ పదేళ్ల సంబరానికి తొలినాటి నటులు నల్లబట్టల్లో వచ్చి పాడుతుంటే సోఫాలో కూర్చోలేకపోయాను. ‘మేబీ హ్యాపీ ఎండింగ్’ ఉత్తమ మ్యూజికల్ కావడం మరీ ఆనందం. సోల్‌లో పాతబడిపోయిన రెండు రోబోల ప్రేమకథ అది. పేరున్న సినిమా అండ లేకుండా గెలిచింది. మ్యూజికల్స్‌లో ఉత్తమ నటి విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. ‘సన్‌సెట్ బులవార్డ్’కు నికోల్ షెర్జింగర్ గెలిచింది. ఓటు నాదైతే ‘జిప్సీ’లో రోజ్ పాత్ర వేసిన ఆడ్రా మెక్‌డొనాల్డ్‌కే.

అయినా ఆ వేడుకలో నికోల్ పాడిన పాటను మళ్లీ మళ్లీ చూశాను. వేదిక ఖాళీ. సెట్టు లేదు, సాదా నల్ల గౌనులో మనిషి ఒక్కతే. ఆమె చుట్టూ ఉన్నదంతా చీకటీ వెలుతురే. ఎక్కడ ముఖం కనపడాలో, ఎక్కడ మసకేయాలో లైటే నిర్ణయిస్తోంది. ఆ నాటకానికి లైటింగ్ చేసిన జాక్ నోల్స్‌కూ ఆ రోజే టోనీ వచ్చింది. కానీ సీబీఎస్ చానల్లో అసలు వేడుక మొదలయ్యేలోపే, ప్లూటో టీవీ అనే స్ట్రీమింగ్ సర్వీసులో నడిచిన ముందు కార్యక్రమంలో దాన్ని ఇచ్చేశారు. సెట్లు, దుస్తులు, ధ్వని చేసినవాళ్లదీ అదే వరస. పెళ్లికి వండినవాళ్లను పెరట్లోనే కూర్చోబెట్టి భోజనం పెట్టినట్టు!

ఈ చిన్నచూపు ఇవాళ్టిది కాదు. 2014లో ధ్వని అవార్డులనే ఎత్తేశారు. ధ్వనిని ఎలా అంచనా వేయాలో ఓటర్లలో చాలామందికి తెలియదని అప్పట్లో వినిపించిన కారణం. తెలియకపోతే నేర్చుకోవాలి గానీ అవార్డు తీసేస్తారా? సౌండ్ డిజైనర్లు గట్టిగా గొడవ చేశాక 2018 వేడుకకు తిరిగొచ్చాయి.

టీవీవాళ్ల బాధా తెలుసు. ఉన్నవి మూడు గంటలు, మధ్యలో ప్రకటనలు. మ్యూజికల్ నుంచి ఒక పాట టీవీలో పడితే మర్నాడు టికెట్లు తెగుతాయి. ఆ లెక్కలోనే మామూలు నాటకాలకూ చోటు చిక్కలేదు. ఉత్తమ నాటకం ‘పర్పస్’ ఆ ఏడాది పులిట్జర్ బహుమతి కూడా గెలిచింది. మ్యూజికల్స్‌కు దొరికినట్టు వేదిక మీద ఆడి చూపించే వీలు దానికి దొరకలేదు.

ఇదంతా చూస్తుంటే మన తెలుగు నాటక పరిషత్తు పోటీలు గుర్తొచ్చాయి. ఏర్పాట్లు అంతంతమాత్రం, ఫలితాలు చెప్పేసరికి అర్ధరాత్రి. అయినా ఉత్తమ నటుణ్ని పిలిచిన మైకులోనే ఉత్తమ రంగాలంకరణ, ఉత్తమ ఆహార్యం అని కూడా పిలుస్తారు. వచ్చి జ్ఞాపిక అందుకునే మనిషికి సభ చప్పట్లు కొడుతుంది. ఆ మర్యాద బ్రాడ్‌వేకి లేకపోవడం నాకు మింగుడుపడదు.

వ్యాఖ్యాతల హాస్యం కాస్త తగ్గించినా డిజైన్ అవార్డులకు పది నిమిషాలు మిగులుతాయి. నిర్వాహకులు వినకపోతే మనమైనా చేయగలిగింది ఒకటుంది. ప్లూటో టీవీ ఉచితం. వచ్చే టోనీలను అమెరికాలో చూసే మనవాళ్లు ఆ ముందు కార్యక్రమంతోనే మొదలుపెట్టండి.