వెనక సీటులో మనిషి

మొగుడంపల్లి వైపు వాళ్ళకి విమానం మోత కొత్తేమీ కాదు. బీదరు దగ్గరే కదా. అక్కడ వాయుసేన కుర్రాళ్ళకి విమానం నడపటం నేర్పుతారు. పైన మోత వినబడగానే, దండెం మీద బట్టలారేస్తున్న ఇల్లాలు ఓసారి తలెత్తి చూస్తుంది, మళ్ళీ తన పనిలో పడుతుంది. మరి ఆ పైనున్నవాడు కిందికి చూస్తే ఏం కనిపిస్తుంది? దండెం కనిపిస్తుందా? చీర కనిపిస్తుందా?

ఇవి శిక్షణ విమానాలు గనక ఆ ప్రశ్నతో ఎవరికీ నష్టం లేదు. బాంబులు వేసే విమానాల్లో పనిచేసి, ప్రాణాలతో తిరిగొచ్చి, ఆ తర్వాత కలం పట్టిన ఆఫీసర్లున్నారు. వాళ్ళ పుస్తకాలు చదివినప్పుడల్లా నాకు ఇదే ప్రశ్న తోస్తుంది. అలాంటి ఇద్దరి గురించి ఇప్పుడు చెప్పుకుందాం. ఒకాయన తను చూసిందాన్ని దాచేశాడు. ఇంకొకాయన ఆరువందల చిల్లర... కాదు, పేజీల లెక్క ఒక్కో ముద్రణకీ మారుతుంది గనక, ఒక లావుపాటి నవల నిండా అదే రాశాడనుకోండి.

మొదటాయన డబ్ల్యూ.ఇ. జాన్స్. పేరు చెబితే గుర్తు రాకపోవచ్చుగానీ 'బిగిల్స్' అంటే మీలో కొందరికైనా తెలుస్తుంది. ఇంగ్లీషు బళ్ళో చదివిన తమ్ముడో, బావగారో ఇంట్లో వుంటే, పాత ట్రంకు పెట్టెలో బిగిల్స్ పుస్తకం ఒకటి వుండే వుంటుంది. నూరుకి దగ్గరగా వున్నాయి మరి ఆ పుస్తకాలు! ఈ బిగిల్స్ అనే వీరుడు పుట్టింది కూడా మన దేశంలోనే. తండ్రి ఇక్కడ దొరతనం వెలగబెట్టిన ఉద్యోగి.

జాన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబర్ పైలట్. పుస్తకాల అట్టల మీద తన పేరుకి ముందు 'కాప్టెన్' అని తగిలించుకున్నాడుగానీ అసలు ఆ హోదా ఆయనకి లేదు. సరే, అది చిన్న సరదా, పోనిద్దాం. ఆయన నడిపింది డీహెచ్-4 అనే విమానం. ముందు పైలట్, వెనక తుపాకీతో అబ్జర్వరు, ఇద్దరి మధ్యా పెద్ద పెట్రోలు ట్యాంకు. పైకప్పు లేదు, పారాషూటు లేదు. ఆ మోతలో, ఆ చలిలో ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవటం గగనమే. 1918 సెప్టెంబరు 16న జర్మనీలోని మాన్‌హైమ్ నగరం మీద బాంబులు వేయటానికి వెళ్ళినప్పుడు శత్రు విమానాలు చుట్టుముట్టాయి. వెనక సీటులోని అబ్జర్వరు చనిపోయాడు. జాన్స్ నేలకూలి ఖైదీగా చిక్కాడు. ఆ చనిపోయిన వాడి ఇంటిపేరు 'ఏమీ'. ఇంగ్లీషు పేరేనండీ. తెలుగులో రాస్తే అలా కనబడుతుంది, నేనేం చెయ్యను?

ఇంత చూసిన మనిషి పద్నాలుగేళ్ళ తర్వాత, 1932లో, కథలు మొదలుపెట్టాడు. తన వీరుణ్ణి ఏ విమానంలో కూర్చోబెట్టాడో చూడండి. కామెల్ అనే యుద్ధవిమానంలో. అందులో ఒక్కటే సీటు. వెనక ఎవరూ లేరు. బిగిల్స్ కొత్తగా చేరిన రోజుల కథలు 1935లో రాసినప్పుడు రెండు సీట్ల విమానం పెట్టాడు, మార్క్ వే అనే మంచి నేస్తాన్ని కూడా పెట్టాడు. కానీ ఏం లాభం? ఆ నేస్తం గాయపడి కథలోంచి తప్పుకుంటాడు, బిగిల్స్ ఒంటి సీటు విమానం ఎక్కేస్తాడు. జాన్స్‌కి ఆ వెనక సీటు అంటే భయమని నాకు అనుమానం.

కథకుడుగా అది తెలివైన పనే, కాదనను. ఒంటి సీటు విమానంలో యుద్ధం కోడిపందెంలా వుంటుంది. ఇటొకడు, అటొకడు, గెలుపో ఓటమో క్షణంలో తేలిపోతుంది, చదివే పిల్లాడు చప్పట్లు కొడతాడు. బాంబరు సంగతి అలా కాదు. వరసలో వెళ్ళాలి, పక్కకి తప్పుకోకూడదు, పైనుంచి కింద వదలాలి, అది ఎవరి నెత్తిన పడిందో చూడకుండా తిరిగి రావాలి. అందులో వీరత్వం లేదని కాదు, చాలా వుంది. చప్పట్లు కొట్టే చోటే దొరకదు. జాన్స్ దానికి ఇంకాస్త పంచదార పూశాడు. తొలి కథల్లో వున్న విస్కీ సీసాలు పిల్లల ముద్రణలకొచ్చేసరికి నిమ్మరసంగా మారిపోయాయి! ఒక మంచి పని మాత్రం చేశాడు. 1941లో, ఇంకో యుద్ధం నడుస్తుండగా, వారల్స్ అనే ఆడపిల్లని విమానం ఎక్కించి వరసగా కథలు రాశాడు. మన ఆడపిల్లలకి బిగిల్స్ కంటే ఆవిడని ఇవ్వటమే మేలు.

ఎక్కడి జర్మనీ, ఎక్కడి జాన్స్, మనకెందుకీ గొడవ అంటారా? వుంది. జాన్స్ పనిచేసిన ఆ బాంబర్ల సేనలోనే, అదే సెప్టెంబరులో, మన పేరుతో ఒక దళం చేరింది. 110వ స్క్వాడ్రన్, దాన్నే 'హైదరాబాదు స్క్వాడ్రన్' అనేవారు. దాని తొలి విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన కానుక. అవి డీహెచ్-9ఏ రకం. ఒక్కొక్క విమానం ఒంటి మీదా ఇది హైదరాబాదు నిజాము గారి బహూకృతి అని రాసి, ఒక అంకె వేశారు. 1918 సెప్టెంబరు 1 నుంచి నవంబరు 11న యుద్ధం ఆగేదాకా, ఆ డెబ్బై రోజుల్లో, పోరాటంలో 17 విమానాలు, ప్రమాదాల్లో మరో 28 పోయాయి. శత్రువు చేతిలో కంటే ప్రమాదాల్లోనే ఎక్కువ పోయాయన్నమాట!

ఆ విమానం మీది వాక్యాన్ని కూడా ఒక రచనగానే చదవాలంటాను. ఇచ్చిన ప్రభువు పేరుంది, రాజ్యం పేరుంది, వరస సంఖ్య వుంది. ఎక్కే ఇద్దరి పేర్లూ లేవు. 1956 దాకా బీదరు జిల్లాలో వున్న ఈ జహీరాబాదు ప్రాంతపు రైతు ఊసు అసలే లేదు. ఏ ఖజానాలోంచి తీసినా, అందులో పడ్డ రూపాయి చివరికి ఏదో జొన్న చేలోంచి రావలసిందే కదా? అదే 1918లో దక్కనులో వానలు మొహం చాటేశాయి, ఆ వెంటనే ఇన్‌ఫ్లూయెంజా ఊళ్ళని తుడిచిపెట్టింది. ఇంట్లో గంజికి కరువైన ఏడాదే, ఊరి పేరు మాత్రం మబ్బుల్లో తిరిగింది. ఈ వాక్యంలో అబద్ధం లేదు, బిగిల్స్ కథల్లాగే వెనక సీటు లేదంతే.

ఇక రెండో ఆయన, జోసెఫ్ హెల్లర్. అమెరికన్. రెండో ప్రపంచ యుద్ధంలో బి-25 బాంబరు ముక్కులో, అద్దాల గూట్లో కూర్చుని గురిచూసి బాంబులు వదిలే బొంబార్డియర్ ఉద్యోగం. 1944లో, ఇరవయ్యొక్కేళ్ళ వయసులో, కోర్సికా ద్వీపం నుంచి మొత్తం 60 సార్లు వెళ్ళొచ్చాడు. ఫ్రాన్సులో ఆవిన్యోన్ మీదికి వెళ్ళినప్పుడు విమానంలోని తుపాకీవాడి కాలికి దెబ్బ తగిలింది. హెల్లరే కట్టు కట్టాడు, అతను బతికాడు. 1961లో అచ్చయిన 'క్యాచ్-22' నవలలో ఇదే ఘటన వుంది. కానీ అందులో స్నోడెన్ అనే ఆ కుర్రాడు చనిపోతాడు.

చూశారా, ఒకాయన చచ్చిపోయిన మనిషిని కథలోంచి తీసేశాడు; ఇంకొకాయన బతికినవాణ్ణి కథలో చంపేశాడు. అయినా నాకు రెండో ఆయన మాటే నిజమనిపిస్తుంది. నవల మొదట్లో ఈ స్నోడెన్ ప్రస్తావన ఒక్క ముక్కగా వచ్చి పోతుంది. మళ్ళీ యాభై పేజీల తర్వాత ఇంకో ముక్క. మధ్యలో అంతా నవ్వే. దాడుల సంఖ్య పెంచుకుంటూపోయే కల్నలు, యుద్ధాన్ని వ్యాపారం చేసుకున్న మెస్సు ఆఫీసరు, పిచ్చివాడే ఇంటికి పోవచ్చు కానీ ఇంటికి పంపమని అడిగినవాడు పిచ్చివాడు కాదనే నిబంధన. కడుపుబ్బ నవ్వుతూ పోతుంటే, చివరికొచ్చేసరికి ఆ ముక్కలన్నీ ఒకచోట చేరతాయి. కథానాయకుడు యొస్సారియన్ తొడ మీద గాయానికి ఎంతో పొందికగా కట్టు కడతాడు. అసలు గాయం అది కాదు. కుర్రాడు చలి, చలి అంటూనే వుంటాడు. ఇంతకంటే చెప్పను.

కింది మనుషుల్ని కూడా ఈయన మరిచిపోలేదు. కొండ మీది చిన్న పల్లెని కూల్చి దారి మూయమని ఆజ్ఞ వస్తుంది. విమానాలొస్తే అక్కడి పిల్లలు చేతులూపడానికి బయటికి పరిగెత్తుకొస్తారని ఒక ఆఫీసరు మొత్తుకుంటాడు. పైవాళ్ళ బెంగ మాత్రం ఫొటోలో బాంబులన్నీ ఒకేచోట పడినట్టు అందంగా రావాలని! మొదట్లో అడిగిన ప్రశ్నకి ఇంత సూటి జవాబు నేను మరెక్కడా చదవలేదు.

అయితే హెల్లర్‌కి కూడా ఒక లోపం వుంది, మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు? మగవాళ్ళందరికీ పేర్లూ, ఇంటిపేర్లూ, హోదాలూ ఇచ్చిన మనిషి, కథకి కీలకమైన ఒక రోము అమ్మాయికి నవలంతా గడిచినా పేరు పెట్టలేదు. నేట్లీ ఉంచుకున్న పిల్లగానే ఆమె వస్తుంది, పోతుంది. నర్సులైతే మరీ అన్యాయం, వాళ్ళ ఒళ్ళు తప్ప మరేమీ కనబడదు ఆయనకి. వెనక సీటులో మనిషిని అంత బాగా చూసిన కన్ను, పక్కనున్న ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి చత్వారం వచ్చినట్టు ప్రవర్తిస్తుంది.

మన హైదరాబాదు విమానాల్లో ఒకటి ఇప్పటికీ మిగిలింది. ఎఫ్1010. 1918 అక్టోబరు 5న జర్మనులకి చిక్కింది. అందులో వెళ్ళిన కాప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ ఇద్దరూ ఖైదీలయ్యారు. విమానాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. తర్వాతి యుద్ధంలో అది పోలండు చేరింది. 1977లో బ్రిటిషువాళ్ళు ఒక స్పిట్‌ఫైర్ విమానం ఇచ్చి దీన్ని తెచ్చుకుని లండన్‌లోని వాయుసేన మ్యూజియంలో పెట్టారు. నిజాం పేరు దాని మీద అలాగే వుంది. ఈ రకంలో పెట్రోలు ట్యాంకుని ముందుకి జరిపి, రెండు సీట్లూ దగ్గరదగ్గరగా పెట్టారు, మాట్లాడుకోవటానికి వీలుగా. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఊహించి ఒక తెలుగు కథ రాయదలచిన అమ్మాయి ఎవరైనా వుంటే, దేవిడీ నుంచి మొదలుపెట్టొద్దనీ, ఆ రెండు సీట్ల మధ్య జానెడు దూరం నుంచి మొదలుపెట్టమనీ చెబుతాను. జొన్న చేను దాకా కథ దానంతటదే వస్తుంది.

'క్యాచ్-22' చదవాలనుకునేవారికి ఒక్క మాట. మొదటి వంద పేజీలూ గందరగోళంగా వుంటాయి, ఎవరు ఎవరో తెలియదు, చెప్పిందే చెబుతున్నాడేమిటని విసుగొస్తుంది. వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టి చదివే పుస్తకం కాదు. పేర్లు గుర్తుండకపోతే ఒక కాగితం మీద రాసుకోండి. స్నోడెన్ పేరు కనబడ్డ ప్రతిచోటా ఒక టిక్కు పెట్టుకుంటూ వెళ్ళండి.