ఫిబ్రవరి షరతు

ఈ వారం నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి జీతాల సాఫ్ట్‌వేర్‌లో ఓ పాత ఫైలు పట్టుకుని, ఎవరూ వాడని ఫంక్షన్లు, ఒకే పని చేసే నాలుగు కాపీలు ఏరి పారేసింది. రివ్యూ తెరిస్తే తీసేసిన లైన్లతో తెరంతా ఎరుపే. కోడ్ రాయడం కన్నా తీసేయడమే గొప్ప అని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. 1982లో ఆపిల్‌లో వారంవారం ఎన్ని లైన్లు రాశారో ఫారం నింపమంటే, బిల్ అట్కిన్సన్ మైనస్ 2,000 అని రాసిచ్చాడు. గ్రాఫిక్స్ కోడ్‌లో ఒక భాగాన్ని అంత కుదించి, దాదాపు ఆరు రెట్లు వేగంగా నడిచేలా చేశాడు. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

అయితే ఆ ఎరుపులో ఒక లైను దగ్గర ఆగిపోయాను. నెల ఫిబ్రవరి అయితే 200 బదులు 300 కోయమనే షరతు అది.

"వృత్తి పన్ను అన్ని నెలలూ ఒకటే కదా సార్, ఎవరో టెస్టింగ్ కోసం పెట్టి మర్చిపోయినట్టున్నారు" అంది.

హైదరాబాద్‌లో జీతం తీసుకునే ఎవరైనా అలాగే అనుకుంటారు. తెలంగాణలో నెల జీతం 20,000 దాటితే పన్నెండు నెలలూ 200 కోత. మహారాష్ట్ర లెక్క వేరు. రాజ్యాంగం 276వ అధికరణం ఈ పన్నుకు ఏడాదికి 2,500 పరిమితి పెట్టింది. అక్కడ పదకొండు నెలలు 200 చొప్పున పోగా, మిగిలిన 300 ఫిబ్రవరిలో పడుతుంది. పుణె ఉద్యోగి పేస్లిప్‌లో ఆ వంద తేడా చట్టం తెచ్చినది.

పనిలోనే ఉన్న చిక్కు వేరు, మనం చేతులారా తెచ్చిపెట్టుకున్న చిక్కు వేరు అని ఫ్రెడ్ బ్రూక్స్ 1986లోనే విడదీసి చూపించాడు. మనం వదిలించుకోగలిగేది రెండోదాన్నే. మొదటిదాన్ని కోడ్‌లోంచి తీసేస్తే, అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరో ఒకరు నెలాఖరున దాన్ని చేత్తో సరిచేస్తూ కూర్చోవాలి. మన ఫైలు చిన్నదైందని మనం సంతోషిస్తాం, చాకిరీ ఆ మనిషికి. ఇది నాకు బొత్తిగా సమ్మతం కాదు. తగ్గిన లైన్లను బట్టి మార్పును మెచ్చుకోవడం ఇక చాలు.

రేపు మారేలా ఉన్న నిర్ణయాన్ని ఒక్క మాడ్యూల్ లోపలే దాచమని డేవిడ్ పార్నస్ 1972లో చెప్పాడు. మూడు ఫైళ్లలో చెదిరి ఉన్న ఆ షరతును ఇద్దరం కూర్చుని ఒక్క పట్టికలోకి తెచ్చాం: ఏ రాష్ట్రం, ఏ నెల, ఎంత. పక్కనే కారణం కూడా రాశాం. కోడ్ కాస్త పెరిగింది. 2025లో కర్ణాటక కూడా ఫిబ్రవరి కోతను 300 చేసింది. అలాంటిది ఇంకో రాష్ట్రం చేస్తే, ఇక ఒక్క వరుస మారిస్తే సరిపోతుంది.