మెట్రో? ఇటే!

ఖతర్ రాజధాని దోహాలో సూక్ వాకిఫ్ బజారు పక్కన ఎత్తైన కుర్చీ, బీచుల్లో గజ ఈతగాళ్ళు కాపలా కూర్చునే రకం. దాని మీద ఓ కుర్రాడు. ఒక చేతిలో మెగాఫోన్, రెండో చేతికి ఫోమ్‌తో చేసిన పెద్ద అరచెయ్యి. ఆ చేతి చూపుడు వేలు ఒక్క దిక్కుకే చాపి ఉంటుంది. "మెట్రో?" అని తనే అడుగుతాడు. "దిస్ వే" అని తనే జవాబు చెబుతాడు. 2022 నవంబరులో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ చూడ్డానికి వచ్చినవాళ్ళు ఈ రెండు ముక్కల్నీ పాటలా అందుకున్నారు. అతను "మెట్రో?" అనగానే వీధి వీధంతా "దిస్ వే" అని పలికేది. అతని పేరు అబూబకర్ అబ్బాస్. దేశం కెన్యా, వయసు 23. నవంబరు 25న ఇంగ్లండ్, అమెరికా ఆటకు ముందు అల్ బైత్ స్టేడియానికి పిలిపించి మైకు అతని చేతికే ఇచ్చారు.

ఆ వీడియో చూసి అందరం నవ్వుకుని ముందుకు జరిపేశాం. కానీ అందులో ఉన్న పనితనం నిదానంగా చూడదగ్గది.

ఆట ముగిసి బయటికొచ్చే మనిషికి పొడుగాటి వాక్యం బుర్రకెక్కదు. గెలిచినవాళ్ళు కేకల్లో ఉంటారు, ఓడినవాళ్ళు తల వంచుకుని నడుస్తుంటారు, పిల్లల చెయ్యి పట్టుకున్నవాళ్ళకు పిల్లలే లోకం. అందరి మనసులో ఉన్న ప్రశ్న మాత్రం ఒకటే. దాన్ని వాళ్ళ తరఫున అబ్బాసే అడిగేస్తాడు. ఇక అడగడానికి ఎవరూ ఆగక్కర్లేదు. కీలకమంతా ఆ ఆగకపోవడంలోనే ఉంది. వేలమంది కదులుతున్న దారిలో ఒక్కడు టక్కున నిలబడి "భయ్యా, స్టేషన్ ఎటు?" అన్నాడంటే వెనక పదిమంది ఆగుతారు, వాళ్ళ వెనక వందమంది. ఆగిన జనం ఏమవుతారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి.

కుర్చీ ఎత్తు ఎందుకంటే, తలల మీదుగా అతను కనబడాలి, అతనికి జనం కనబడాలి. ఫోమ్ చెయ్యి మెగాఫోన్ వినబడనంత దూరంలో ఉన్నవాడి కోసం, ఇంగ్లీషు రానివాడి కోసం. ఇక ఆ రాగం. ఒకే మాట గంటల తరబడి ఆజ్ఞలా వినిపిస్తే విసుగొస్తుంది, పాటగా వినిపిస్తే కాళ్ళు దానికి తగ్గట్టు పడతాయి. ఈ రాగం ఏ శిక్షణ పుస్తకంలోదీ కాదు, అతను సొంతంగా కట్టుకున్నది.

అబ్బాస్ వాలంటీరు కాదు, జీతానికి చేసిన మార్షల్. అయినా ముందు అతన్నే తలుచుకున్నానంటే, ఆ నెలంతా ఆ దేశంలో 20,000 మంది వాలంటీర్లు నేర్చుకుని చేసిన పనికి అంతకంటే మంచి నమూనా నాకు దొరకలేదు. పరాయి దేశానికి సేవకు వెళ్ళాలనుకునే మన పిల్లలు వీసా, విమానం, సూట్‌కేసు దగ్గరే సన్నాహం అయిపోయిందనుకుంటారు. అసలు సన్నాహం ఎలా ఉంటుందో ఖతర్‌లో చూడొచ్చు.

2022 మార్చి 21న దోహాలోని కతారా సాంస్కృతిక గ్రామంలో వాలంటీర్ల పిలుపు మొదలైంది. 4,20,000కు పైగా దరఖాస్తులొచ్చాయి. 58,000 మందిని ఇంటర్వ్యూ చేశారు. చివరికి 150 దేశాలకు చెందిన ఆ 20,000 మంది మిగిలారు. అందులో దాదాపు 17,000 మంది ఖతర్‌లో ఉంటున్నవాళ్ళే, 3,000 మంది బయటి నుంచి వచ్చారు. షరతులు పెద్దవేం కావు. అక్టోబరు 1 నాటికి 18 ఏళ్ళు నిండాలి, ఇంగ్లీషు మాట్లాడగలగాలి, కనీసం పది షిఫ్టులు చేస్తానని ఒప్పుకోవాలి. అనుభవం అక్కర్లేదు.

నాకు ముచ్చటేసింది ఇంటర్వ్యూల ఏర్పాటు. ఎదుట కూర్చుని ప్రశ్నలడిగినవాళ్ళూ వాలంటీర్లే. పయనీర్ వాలంటీర్లని ఒక జట్టును ముందే తయారు చేసుకుని, మిగతావాళ్ళను ఎంచే పని వాళ్ళకప్పగించారు. ఎనిమిది గంటలు నిలబడ్డవాడికే తెలుస్తుంది, ఎదుటివాడు నిలబడగలడో లేదో. ఇంగ్లీషు దంచేసేవాడు ఏడోసారి అదే ప్రశ్న వచ్చేసరికి మొహం చిట్లిస్తాడు. మాట తడబడేవాడు పదిహేనోసారి కూడా మొదటిసారి విన్నట్టే జవాబు చెబుతాడు. కావలసింది రెండోవాడు.

తర్వాత రిహార్సల్. సెప్టెంబరు 9న లూసైల్ స్టేడియంలో అల్ హిలాల్, జమాలెక్ క్లబ్బుల మధ్య ఆట పెట్టారు. 77,000 మందికి పైగా వచ్చారు. ఆ ఉక్కపోతలో స్టేడియంలో తాగునీళ్ళు అయిపోయాయి. ఆట అయ్యాక మెట్రో కోసం జనం బారులు తీరి నిలబడిపోయారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. నా లెక్కలో మాత్రం ఆ రాత్రి దండగ కాలేదు. ఎక్కడ జనం గడ్డకడతారో, ఏ మలుపులో మనిషి కావాలో, ఎక్కడ నీళ్ళుండాలో కాగితం మీద గీసిన గీత చెప్పలేదు. అసలు పరీక్షకు పది వారాల ముందు తప్పులన్నీ బయటపడటం కంటే మంచి సన్నాహం ఏముంటుంది?

అసలు పరీక్ష నవంబరు 20న మొదలైంది. తొలి రౌండులో చాలా రోజులు నాలుగేసి ఆటలు: మధ్యాహ్నం ఒంటిగంటకు, నాలుగింటికి, రాత్రి ఏడింటికి, పదింటికి. మనవాళ్ళు అర్ధరాత్రి పన్నెండున్నరకు టీవీ పెట్టుకుని చూసిన ఆటలు అక్కడ పదింటివి. అవి ముగిసేసరికి దోహాలో అర్ధరాత్రి. మెట్రో తెల్లవారుజామున మూడింటి దాకా నడిచింది. అంతసేపూ దారుల్లో వాలంటీర్లున్నారు. వాళ్ళలో చాలామంది పగలు ఆఫీసుకో కాలేజీకో వెళ్ళొచ్చినవాళ్ళు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. స్టేడియం లోపల డ్యూటీ పడ్డవాళ్ళలోనూ చాలామంది ఆట చూడలేదు. వాళ్ళ చూపు జనం మీదుండాలి. వెనక గోల్ పడుతుంటే, ముందున్న వేలమంది లేచి గంతులేస్తుంటే, మెడ తిప్పకుండా మెట్ల దారి ఖాళీగా ఉందో లేదో చూసుకోవడం ఎంత కష్టమో ఆట మీద పిచ్చి ఉన్నవాళ్ళకు తెలుసు.

చక్రాల కుర్చీ దగ్గర పని ఇంకా సున్నితం. అడగకుండా కుర్చీ మీద చెయ్యి వెయ్యకూడదు. మాట్లాడాల్సింది తోస్తున్నవాళ్ళతో కాదు, కూర్చున్న మనిషితో. చూపులేనివాళ్ళ కోసం ఆటను మాటల్లో కళ్ళకు కట్టే వ్యాఖ్యానం ఆ ప్రపంచ కప్‌లో అరబ్బీలోనూ వినిపించింది. అందులో "అద్భుతం" అన్న కేక పనికిరాదు. బంతి ఏ కాలి దగ్గరుందో, ఎటు పోతోందో చెప్పాలి.

ఇలా పరాయివాళ్ళు కలిసి చెమటోడ్చే సేవకు వందేళ్ళ చరిత్ర ఉంది. 1920లో స్విట్జర్లండ్‌కు చెందిన పియేర్ సెరెసోల్ ఫ్రాన్సులో, వెర్దున్ దగ్గర యుద్ధంలో నేలమట్టమైన ఎన్ అనే పల్లెకు కొందరిని తీసుకెళ్ళి ఇళ్ళు కట్టించాడు. ఆ జట్టులో జర్మన్లూ ఉన్నారు. 1934లో బిహార్ భూకంపం తర్వాత ఆయన మన దేశానికీ వచ్చి, పల్లెల్ని తిరిగి నిలబెట్టే పనిలో చెయ్యి కలిపాడు. మన శ్రమదానం తెలిసినవాళ్ళకు అది పరాయి ఊహ కాదు.

ఖతర్ గురించి రాస్తూ ఒక మాట దాటెయ్యలేను. ఆ స్టేడియాలు వలస కూలీల చెమటతో లేచాయి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ వైపు ఇళ్ళల్లో గల్ఫ్ అంటే కఫీల్ (వీసా ఇచ్చే యజమాని), అకామా (నివాస అనుమతి), నెలనెలా వచ్చే డబ్బు, కొన్ని ఇళ్ళల్లో తిరిగిరాని మనిషి. కూలి ఇవ్వాల్సిన చోట సేవ పేరు పెట్టి ఊరికే చేయించుకోవడం ఎక్కడైనా అన్యాయమే. దారి చూపడం, భాష అందివ్వడం, తోడు నడవడం లాంటివే వాలంటీరు పని. అప్లికేషను నింపే ముందు ఎవరైనా ఈ తేడా చూసుకోవాలి.

అక్కడ నేర్చుకున్న పని ప్రపంచ కప్‌తో ఆగిపోలేదు. 2024 జనవరిలో మొదలైన ఆసియా కప్‌కు 6,000 మంది వాలంటీర్లు నిలబడ్డారు. భారత జట్టు ఆస్ట్రేలియాతో అహ్మద్ బిన్ అలీ స్టేడియంలో ఆడిందీ అప్పుడే. అండర్-17 ప్రపంచ కప్ 2025 నుంచి 2029 దాకా ఏటా ఖతర్‌లోనే. అంటే అక్కడ ప్రతి ఏడూ కొత్తవాళ్ళకు ఈ పని నేర్పాల్సి వస్తుంది. నేర్పడానికి 2022లో రాత్రి మూడింటి దాకా నిలబడ్డవాళ్ళు అక్కడే ఉన్నారు.