దార్యా దొమ్రాచెవా: గుండె దడలోనూ తప్పని గురి

2014 ఫిబ్రవరి 11, 14, 17 తేదీల్లో సోచి ఒలింపిక్స్‌లో బెలారుస్ క్రీడాకారిణి దార్యా దొమ్రాచెవా మూడు స్వర్ణాలు గెలిచింది. ఒకే ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన తొలి మహిళా బయాథ్లెట్ ఆమే. ఆ మూడు పోటీల్లో కలిపి 60 గుండ్లు పేల్చితే గురి తప్పినవి మూడే, పోటీకి ఒక్కటి చొప్పున. ఇదెంత కష్టమో తెలియాలంటే ఆ ఆట సంగతి కాస్త తెలియాలి.

బయాథ్లాన్‌లో మంచు మీద స్కీలతో కిలోమీటర్ల కొద్దీ పరుగు తీయాలి, మధ్యమధ్య ఆగి రైఫిల్ కాల్చాలి. కనీసం మూడున్నర కిలోలుండే ఆ రైఫిల్ వీపు మీదే ఉంటుంది. 50 మీటర్ల దూరంలో ఐదు లక్ష్యాలు. పడుకుని కాల్చేటప్పుడు ఒక్కొక్కటి 45 మిల్లీమీటర్లు, అంటే నిమ్మకాయంత. నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు. ఒకటి తప్పితే సాధారణంగా 150 మీటర్ల పెనాల్టీ వలయం అదనంగా తిరగాలి. 15 కిలోమీటర్ల వ్యక్తిగత పోటీలో మాత్రం వలయం ఉండదు, నేరుగా ఒక నిమిషం సమయం కలుపుతారు.

గుండె దడదడలాడుతూ ఉండగానే గురి చూడాలి. అందుకే కాల్చే చోటు దగ్గరపడగానే వేగం తగ్గించి ఊపిరి కుదుటపరుచుకుంటారు. పడుకుంటే చేతికి కట్టిన పట్టీ రైఫిల్‌ను పట్టి ఉంచుతుంది. నిలబడితే ఆ ఆసరా ఉండదు. మోచేతిని నడుముకు ఆనించి, బరువును కండరాల మీద కాకుండా ఎముకల మీద మోపాలి. ఊపిరి కొంత వదిలి, బిగబట్టిన ఆ క్షణంలో ట్రిగ్గర్ నొక్కాలి. రైఫిల్ గొట్టం పూర్తిగా కదలకుండా ఉండాలని ఎదురుచూస్తే కాళ్లు వణకడం మొదలవుతుంది, చూపు మసకబారుతుంది. గాలి మారితే జెండాలు చూసి సైట్‌ను సరిచేసుకోవాలి. ఇదంతా అర నిమిషం లోపే.

బెలారుస్ రాజధాని మిన్స్క్ సమీపంలోని రౌబిచిలో 1974లోనే బయాథ్లాన్ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. ఈ ఆట బెలారుస్‌కు కొత్త కాదు. అయితే 1986లో మిన్స్క్‌లో పుట్టిన దార్యా స్కీలు నేర్చుకున్నది సైబీరియాలోని న్యాగన్‌లో. 2004లో బెలారుస్ తరఫున ఆడటానికి వచ్చి, మరుసటి ఏడాదే జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. స్కీల మీద ఆమె వేగం మొదటి నుంచీ గొప్పదే. ఇబ్బందంతా రైఫిల్ దగ్గరే. 2009లో జర్మనీలోని ఒబెర్‌హోఫ్‌లో పడుకుని కాల్చాల్సిన వంతులో నిలబడి కాల్చేసింది! మరుసటి ఏడాది వాంకూవర్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. 2012లో పర్స్యూట్‌లో (ముందటి పోటీ తేడాల ప్రకారం ఒకరి తర్వాత ఒకరు బయల్దేరే పోటీ), 2013లో మాస్ స్టార్ట్‌లో (అందరూ ఒకేసారి బయల్దేరే పోటీ) ప్రపంచ చాంపియన్ అయింది. కాళ్ల వేగానికి చేతి స్థిమితం తోడైన సంవత్సరాలవి.

సోచి వ్యక్తిగత పోటీ చూడండి. ఒక్క గురి తప్పి నిమిషం పోగొట్టుకుంది, అయినా నిమిషానికి పైగా తేడాతో గెలిచింది. అదే పోటీలో సహచరి నదేజ్దా స్కార్దినో 20కి 20 కొట్టి మూడో స్థానంలో నిలిచింది. గురి ఒక్కటే గెలిపించదు, వేగం ఒక్కటే గెలిపించదు. రెండూ ఒకే దేహంలో కలిసి రావాలి. పర్స్యూట్‌లో దార్యా తొమ్మిదో స్థానంలో బయల్దేరి అందరినీ దాటింది.

2014-15లో ప్రపంచ కప్ సీజన్ మొత్తానికీ విజేత ఆమే. ఆపైన అనారోగ్యంతో ఏడాది ఆటే పోయింది. నార్వే బయాథ్లాన్ దిగ్గజం ఓలే ఐనార్ బ్యోర్న్‌డాలెన్‌ను పెళ్లాడి, 2016 అక్టోబరులో తల్లయింది. కొద్ది నెలలకే ఆస్ట్రియాలోని హోఖ్‌ఫిల్‌జెన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో రజతం! బాలింత దేహం అంత త్వరగా ఆ స్థాయికి తిరిగి రావడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో రిలే చివరి అంచె ఆమెది. స్కార్దినో, ఇరినా క్రూకో, జినారా అలింబెకవాలతో కలిసి, ఒక్క పెనాల్టీ వలయం కూడా తిరగకుండా స్వర్ణం తెచ్చింది. రిలేలో గురి తప్పితే ఆ నష్టం తనొక్కదానిది కాదు, మిగతా ముగ్గురిదీ. ఆ బరువు కూడా మోస్తూ కాల్చింది కాబట్టి, సోచి మూడు స్వర్ణాల కన్నా నేను ఈ ఒక్కదానికే ఎక్కువ విలువ ఇస్తాను.