పార్వతి పాడి ఉంటే

మధ్యాహ్నం రెండు దాటితే మా మాణికేశ్వర్ నగర్‌లో కాస్త సద్దుమణుగుతుంది. పక్కనే ఉస్మానియా క్యాంపస్. అక్కడ పరిశోధన చేస్తున్న మా అమ్మాయి పుస్తకాలతోపాటు అప్పుడప్పుడు పాటలు కూడా మోసుకొస్తుంది. మొన్న నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఫోనులో ఏదో పెట్టి, "అమ్మా, పన్నెండు పాటలు. వరసగా విను, మధ్యలో లేవకు" అంది. మధ్యలో లేవకుండా ఏ ఇల్లాలు ఏది వినగలిగింది గనక!

అది బిల్లీ హాలిడే అనే అమెరికన్ నల్లజాతి గాయని 1958 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో రికార్డు చేసిన జాజ్ ఆల్బమ్. పేరు 'లేడీ ఇన్ శాటిన్'. మొదటి పాట మొదలవగానే "ఈవిడ గొంతు పాడైపోయిందేమిటే!" అన్నాను. నిజంగానే పాడైంది. తాగుడూ మత్తుమందులూ కలిసి, అప్పటికి 42 ఏళ్ళయినా నిండుగా దాటని మనిషి గొంతును ముసలమ్మ గొంతు చేసేశాయి. 1959 జూలైలో పోయింది పాపం. వాద్యబృందాన్ని నడిపిన రే ఎల్లిస్‌కి కూడా మొదట ఆ పాడటం నచ్చలేదట. కొన్ని వారాల తర్వాత పూర్తయిన రికార్డు విన్నాకగానీ దాని గొప్ప తెలియలేదట. నాకు నాలుగు పాటలు పట్టింది.

ఆ పాటలన్నీ ఎవరెవరో, ఎప్పుడెప్పుడో రాసినవి. కథంటూ ఎవరూ అల్లలేదు. అయినా వరసగా వింటే కథే. మొదటి పాటలో, మళ్ళీ అతనే కావాలనుకునే తన తెలివితక్కువతనాన్ని తనే తిట్టుకుంటుంది. నాలుగో పాటకొచ్చేసరికి అతను లేకపోయినా నిక్షేపంగా ఉన్నానని బుకాయిస్తుంది. ఆ నోటితోనే, వాన పడితే గుర్తొస్తాడని ఒప్పేసుకుంటుంది. ఏడో పాటలో అతను మారిపోయాడని కనిపెడుతుంది. పోట్లాట లేదు, శాపనార్థాలు లేవు. లెక్క తేలిన మనిషి చెప్పినట్టు చెబుతుంది. అక్కడ నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

మనకు భగ్నప్రేమ అంటే 1953 నాటి 'దేవదాసు'. సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు. ఇప్పటికీ వింటే నాకు గుండె బరువెక్కుతుంది. కానీ పార్వతి మాటేమిటి? కె. రాణి పాడిన పాట ఉంది, కాదనను. ఆ తర్వాత ఆవిడ జమీందారు ఇల్లాలై, తన వయసు పిల్లలకు తల్లై, ఇల్లు దిద్దుకుంటుంది. దుఃఖమంతా సావిత్రి కళ్ళకు అప్పగించేశారు. అతని బాధ పాటలై ఊరూరా మోగింది. ఈవిడ బాధ తాళంచెవుల గుత్తితోపాటు నడుమునే ఉండిపోయింది. పార్వతి పన్నెండు పాటలు పాడి ఉంటే ఇలాగే ఉండేదేమో!

నాకు నచ్చనివి ఆ వయొలిన్లు. పాకం ముదిరిన మిఠాయిలా అడుగడుగునా అంటుకుంటాయి. ఆ మాటే అంటే, "ఎల్లిస్ వయొలిన్లు కావాలని కోరుకున్నది ఆవిడేనమ్మా" అంది మా అమ్మాయి. అప్పుడు కాస్త మెత్తబడ్డాను. జాలిపడే జనం మధ్యకు వెళ్ళేటప్పుడే కదా, మనం బీరువాలో ఉన్న మంచి పట్టుచీర తీసి కట్టుకునేది!

మర్నాడు నాలుగో పాట ఒక్కటే మళ్ళీ పెట్టమన్నాను. ఆ బుకాయింపు దగ్గర ఈసారి నవ్వొచ్చింది. సరిగ్గా అదే స్వరంతో పొద్దున పక్కింటావిడ, "మాకేమండీ, బాగానే ఉన్నాం" అంది.